రాయలసీమ నీళ్లలో ఫ్లై ఫిషింగ్: ఏ కార్తెలో ఎక్కడ, ఏ చేపకు, ఎప్పుడు మానుకోవాలి

తుంగతీరం (కర్నూలు)

ఫ్లై ఫిషింగ్ గురించి చదవడానికి దొరికే సమాచారంలో ఎక్కువ భాగం చల్లని కొండవాగులను, వాటిలో ఉండే ట్రౌట్ చేపను దృష్టిలో ఉంచుకుని రాసినదే. అందులోని వసంతం, వేసవి, శరత్తు, శీతకాలం అనే లెక్కను తుంగభద్రకో, పెన్నకో, అనంతపురం చెరువులకో వర్తింపజేయబోతే ఏదీ కలవదు. అక్కడ ఏడాది పొడవునా మారేది ప్రధానంగా నీటి చల్లదనం. ఇక్కడ మారేవి నీటిమట్టం, నీటి రంగు, గాలి. అందుకే మన ప్రాంతానికి రైతులు చూసే కార్తెల లెక్కే బాగా సరిపోతుందని నా అభిప్రాయం. సుంకేసుల నుంచి కర్నూలులో హంద్రీ కలిసే చోటు వరకు నేను గమనించినది ఇక్కడ రాస్తున్నాను. అనంతపురం, కడప సభ్యులు తమ నీళ్ల సంగతులు చేర్చాలని కోరుతున్నాను.

ఈ విద్య కొత్తవారికి ఒక్క మాట. మామూలు గాలంలో ఎర బరువో, సీసపు గుండు బరువో దారాన్ని దూరానికి లాక్కెళ్తుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఎరకు బరువు దాదాపు ఉండదు. ఈకలు, బొచ్చు, దారం కలిపి గాలానికి చుట్టిన ఆ చిన్న వస్తువును, అంటే ఫ్లైని, లావుపాటి లైను తన బరువుతో మోసుకెళ్తుంది. నీటి మీద వాలిన పురుగునైనా, నీటిలో ఈదే చిరుచేపనైనా చూపించగలిగేది అందుకే.

రోహిణి కార్తెలో నదికి వెళ్లకపోవడమే మంచిది. తుంగభద్ర అప్పటికి బండల మధ్య మడుగులుగా మిగులుతుంది. ఆ మడుగుల్లో ఇరుక్కున్న చేపను పట్టడంలో నేర్పు ఏమీ లేదు. మృగశిరలో మొదటి వానలు పడిన సాయంత్రాల్లో మాత్రం ఉసిళ్లు లేస్తాయి. దీపాల చుట్టూ ముసిరి, రెక్కలు రాలి, గాలికి నీళ్లలో పడతాయి. చిన్న పరిగెల నుంచి మంచి రోహు వరకు వాటి కోసం పైకి వస్తాయి. ఏడాదిలో మన చేపలు నిస్సందేహంగా పైపురుగును మింగే సందర్భం ఇదొక్కటే అని చెప్పగలను. 12 లేదా 14 నంబరు చిన్న గాలానికి గోధుమరంగు నురగముక్క, రెండు పలుచని రెక్కలు కడితే చాలు. ఆ పొద్దు ఎప్పుడొస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు కాబట్టి ఆ ఫ్లై ఎప్పుడూ పెట్టెలో ఉండాలి.

ఆరుద్ర నుంచి పుష్యమి వరకు చేపలు గుడ్లు పెట్టే కాలం. ఎగువన వానలు పడి ఎర్రనీళ్లు రాగానే బొచ్చె, రోహు, మ్రిగాల ఏటికి ఎదురెక్కుతాయి. ఈ వారాల్లో నేను నదిని ముట్టుకోను. మఖ, పుబ్బల్లో వరద పొంగు నడుస్తుంది, ఎర్రనీళ్లలో ఫ్లై చేపకు కనిపించదు. ఉత్తర కార్తె దాటి, గేట్లు మూసి, నీరు తేరుకున్న తరువాత హస్త, చిత్త, స్వాతి కార్తెలు మాకు అసలైన పంట. రాతిబండల వెనుక సుడి తిరిగే చోట్ల నీరు లేత ఆకుపచ్చగా మారుతుంది. కొంచెం బరువున్న చిరుచేప ఫ్లైని బండ పక్కగా వదిలి, ఆగి ఆగి లాగితే వాలుగ, కొర్రమీను, పెద్ద పరిగెలు అన్నీ స్పందిస్తాయి.

మూల, పూర్వాషాఢల్లో, అంటే డిసెంబరు నడిమి నుంచి జనవరి మొదటి వారాల్లో, పొద్దున్నే వెళ్లి చలికి వణకవలసిన పని లేదు. ఎండ పడి లోతులేని నీరు కాస్త వేడెక్కాక, పది గంటలు దాటిన తరువాత వెళ్లండి.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు శ్రీశైలం వెనుక జలాలు దిగుతూ ఉంటాయి. ముందరి ఏడాది పంట వేసిన నేలలు, కంపచెట్లు, పాత గట్లు ఒక్కొక్కటిగా బయటపడతాయి. సంగమేశ్వరం గుడి శిఖరం కనిపించడం మొదలైందంటే నీటి అంచు వేగంగా వెనక్కి నడుస్తోందని అర్థం. ఆ అంచు వెంట చిరుచేపలు, చిన్న రొయ్యలు గుంపులు కడతాయి, వాటి వెనుక పెద్దవి వస్తాయి. నీళ్లు దిగినప్పుడు బయటపడ్డ గట్టును, వాగు గాడిని చూసి గుర్తుపెట్టుకుంటే, మళ్లీ నీళ్లు నిండాక చేప ఎక్కడ ఉంటుందో ముందే తెలుస్తుంది. నిండు జలాశయంలో గుడ్డిగా ఎర విసరడం కంటే ఎండిన జలాశయంలో ఒక పూట నడవడం ఎక్కువ నేర్పుతుంది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం హద్దులోకి మాత్రం గాలం తీసుకుని అడుగు పెట్టకూడదు. ఆ హద్దు ఎక్కడ మొదలవుతుందో అటవీశాఖ వారిని అడిగి తెలుసుకున్నాకే వెనుక జలాలకు వెళ్లండి.

గాలిమర (అనంతపురం)

తుంగతీరం గారూ, కార్తెల లెక్కతో నేను ఏకీభవిస్తాను, కానీ మా జిల్లాకు దానిలో ఒక భాగమే వర్తిస్తుంది. మా పెన్నలో చాలా ఏళ్లు నీటి జాడే ఉండదు. మాకు ఋతువును నిర్ణయించేది కాలువ. తుంగభద్ర ఎగువ కాలువ నుంచి నీళ్లు వదిలితే పెన్న అహోబిలం జలాశయం, మిడ్ పెన్నార్ నిండుతాయి. శ్రీశైలానికి వరద వచ్చి హంద్రీ-నీవా పంపులు తిరిగితే జీడిపల్లి, గొల్లపల్లి నిండుతాయి. అనంతపురంలో చినుకు పడకపోయినా కర్ణాటక మలెనాడులోనో పశ్చిమ కనుమల్లోనో కురిసిన వాన మా చేపకు వానకాలం తెస్తుంది. కాబట్టి మా దగ్గర ఫ్లై పట్టుకుని తిరిగేవారు పంచాంగంతో పాటు నీటి విడుదల వార్తలు కూడా చూడాలి.

కాలువ నీరు జలాశయంలోకి దూకే చోటు మొదటి వారాల్లో చాలా మంచిది. ఎండిన నేలను నీరు కొత్తగా ముంచుతున్నప్పుడు మిడతలు, చీమలు, వానపాములు అన్నీ నీటిపాలవుతాయి. ఆ అంచున మోకాలిలోతు నీటిలోకి బంగారుతీగ చేప వచ్చి మూతితో మట్టి పెళ్లగిస్తుంది, తోక నీటిపైకి తేలుతుంది. దాన్ని కంటితో చూసి, దాని మూతికి రెండడుగుల ముందు చిన్న గోధుమరంగు ఫ్లై దించి, అది చేరేవరకు కదల్చకుండా ఉంచడం ఈ విద్యలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. నీడ పడితే చాలు, అది వెళ్లిపోతుంది. సూర్యుడు ఎదురుగా ఉండేలా నిలబడండి, లేత రంగు చొక్కాలు మానండి.

ఇక గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఎందుకు పెట్టారో తెలిసినవారికి జూన్ నుంచి ఆగస్టు వరకు ఇక్కడ నైరుతి గాలి ఎలా వీస్తుందో చెప్పనక్కరలేదు. ఆ గాలిలో తొమ్మిదడుగుల లీడర్ (లైనుకూ ఫ్లైకీ మధ్య కట్టే సన్నని దారం), తేలికైన లైను పనికిరావు. లీడర్‌ను ఆరేడు అడుగులకు తగ్గించండి. లైనును తల మీదుగా ఎత్తి విసరకుండా, కడ్డీని పక్కకు వంచి నీటికి దగ్గరగా విసరండి. గాలి కుడివైపు నుంచి కొడుతుంటే, కుడిచేతివారు ఎడమ భుజం మీదుగా విసరడం నేర్చుకోవాలి. లేకపోతే గాలం వచ్చి చెవికో కంటికో తగులుతుంది. కళ్లద్దాలు, టోపీ లేకుండా ఈ పని చేయకండి.

మరో సంగతి ఎవరూ చెప్పరు. చల్లని దేశాల కోసం చేసిన లైను మన ఎండలో మెత్తబడి, జిగటగా మారి, కడ్డీ వలయాల్లో జారదు. ఉష్ణమండలం కోసం గట్టి పూతతో చేసిన లైన్లు వేరే ఉన్నాయి. కొనేటప్పుడు అది చూసుకోండి. నల్లటి సంచిలో పెట్టి ఎండలో వదిలేస్తే ఏ లైనైనా పాడవుతుంది.

కొత్తగాలం (కడప)

అందరికీ నమస్కారం. నేను ఇంతవరకు బెండు, వానపాముతో మాత్రమే చేపలు పట్టినవాణ్ణి. బొచ్చె, రోహు శాకాహారులని చదివాను. అటువంటప్పుడు అవి ఫ్లైని ఎందుకు ముట్టుకుంటాయి? కడప జిల్లాలో కూడా ఇదే కార్తెల లెక్క నడుస్తుందా? దయచేసి వివరంగా చెప్పగలరు.

పెన్నాతీరవాసి (ప్రొద్దుటూరు)

కొత్తగాలం గారూ, మీ రెండో ప్రశ్నకు నేను సమాధానం ఇస్తాను. మొదటిదానికి మనలో చేపల శాస్త్రం చదివిన నీటిరంగు గారు చెప్పడం సముచితం.

కడపకు లెక్క వెనక్కి జరుగుతుంది. కర్నూలుకు హస్త, చిత్త, స్వాతి మంచివైతే, మన దగ్గర సరిగ్గా ఆ రోజుల్లోనే ఈశాన్య రుతుపవనం మొదలై అక్టోబరు, నవంబరు నెలల్లో చెయ్యేరు, పాపాఘ్ని, సగిలేరు ఉన్నట్టుండి పొంగుతాయి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయిన సంగతి ఎవరూ మరచిపోలేదు. కాబట్టి అల్పపీడనం అనే మాట వార్తల్లో వినిపించిన రోజుల్లో వాగుల్లోకి దిగే ఆలోచనే వద్దు. డిసెంబరు నడిమి నుంచి మార్చి చివరి వరకు మనకు అనుకూలమైన కాలం. గండికోట, మైలవరం, బ్రహ్మంసాగర్, ఒంటిమిట్ట వైపు సోమశిల వెనుక జలాలు అప్పటికి తేరుకుని ఉంటాయి.

మన పాత చెరువుల గురించి ఒక మాట. పోరుమామిళ్ల చెరువు కట్టించినప్పుడు 1369లో వేయించిన శాసనంలో మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు చెప్పారు. చెరువు నడుమ మిట్ట ఉండడం ఆ దోషాల్లో ఒకటి. కట్టేవాడికి అది దోషమే, కానీ గాలం వేసేవాడు వెతకవలసింది ఆ మిట్టనే. నీరు తగ్గేకొద్దీ దాని చుట్టూ తుంగ మొలుస్తుంది, తుంగలో కప్పలు, కప్పల కోసం కొర్రమీను చేరతాయి. మిట్ట తరువాత తూము ముందరి గుంత, ఆ తరువాత మరువ (అదనపు నీరు పొర్లే చోటు) పక్కన రాతికట్టు చూడండి.

కొర్రమీను ఫ్లైకి అన్నివిధాలా తగిన చేప. అది గాలి పీల్చడానికి పైకి వస్తుంది కనుక ఎక్కడ ఉందో తానే చెప్తుంది. నీటిపై చిన్న చప్పుడు, ఒక బుడగ, మెల్లగా కదిలిన తామరాకు, ఇవే గుర్తులు. పైకి వచ్చిన చోట కాకుండా, అది వెళ్తున్న దిక్కున మూడు నాలుగు అడుగుల ముందు కప్ప ఫ్లైని దించాలి. గాలం మొనకు గడ్డి తగలకుండా చిన్న తీగ అడ్డు కట్టిన ఫ్లైలే వాడండి. 8వ నంబరు కడ్డీ (నంబరు పెరిగేకొద్దీ కడ్డీ బలం పెరుగుతుంది), 20 పౌన్ల బరువు ఆపే లీడర్ కంటే తక్కువ పెట్టవద్దు. అది మింగగానే గడ్డిలోకి దూరుతుంది. చేప మింగిన క్షణంలో కడ్డీ పైకి ఎత్తడం సహజంగా అందరూ చేసే పని, కానీ ఎత్తితే ఫ్లై నోట్లోంచి జారిపోతుంది. కడ్డీని నీటివైపే ఉంచి, ఎడమచేత్తో లైనును గట్టిగా వెనక్కి లాగాలి. దాని దవడ ఎముక గట్టిది, గాలం మొన గోటికి ఆనిస్తే పట్టుకునేంత పదునుగా ఉండాలి.

ఒక్క విషయంలో నాకు మినహాయింపులు లేవు. తుంగ అంచున ఎర్రని పిల్లల గుంపు బంతిలా కదులుతూ కనిపిస్తే, దాని కిందే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ సమయంలో అవి ఆకలితో కాదు, పిల్లలను కాపాడడానికి దేన్నైనా కొడతాయి. దాన్ని పట్టుకుంటే ఆ గుంపంతా గంటలో ఇతర చేపల పాలవుతుంది. అక్కడ ఎర విసిరేవారితో నేను కలిసి వెళ్లను.

పుట్టితెడ్డు (గాజులదిన్నె దగ్గర)

అయ్యలారా, మేము వలలతో బతికేవాళ్లం. మా పెద్దలు పుట్టి మీద ఈ నీళ్లలో తిరిగారు, నేనూ తిరుగుతున్నాను. మీరు ఇష్టంతో చేసే పనిని నేను తప్పుపట్టను, కానీ రెండు సంగతులు చెప్పాలి.

చెరువు ఊరిదైనా అందులోని చేప సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘానికి లీజుకు ఇచ్చినదై ఉంటుంది. పిల్లలను కొని వదిలేది మేము, కాపలా కాసేది మేము. గట్టు మీద కూర్చుని గాలం వేసినా ముందుగా సంఘం అధ్యక్షుడిని కలిసి అడగడం మర్యాద, చట్టం కూడా అదే. పెద్ద జలాశయాల్లో లైసెన్సు ఉంటుంది. గుడ్లు పెట్టే కాలంలో మత్స్యశాఖ వేట నిషేధం ప్రకటిస్తుంది. ఆ నిషేధం మా వలలకు ఎంతో మీ ఈకల గాలానికీ అంతే. అడిగిన వాణ్ణి మేము ఎప్పుడూ పొమ్మనలేదు. ఎక్కడ మునిగిన చెట్టు ఉందో, ఎక్కడ వల కట్టామో చూపిస్తాము కూడా.

రెండోది, పట్టి వదిలేయడం. కార్తీకంలో పట్టి వదిలిన చేప బతుకుతుంది, నేను కాదనను. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఒక రోహును చాలాసేపు లాగి, ఫొటో తీసి, వదిలితే అది ఈదుకుంటూ వెళ్లినట్టు కనిపిస్తుంది, మరుసటి పొద్దుకు వెల్లకిలా తేలుతుంది. అలా తేలినవాటిని ఏరేది మేము. అమ్మడానికీ పనికిరావు. ఎండాకాలంలో పట్టాలనుకుంటే పట్టి ఇంటికి తీసుకెళ్లి వండుకోండి, లేదా రాకండి.

నీటిరంగు (అనంతపురం)

పుట్టితెడ్డు అన్న చెప్పినదానికి శాస్త్రపరమైన కారణం ఉంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండగల ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాములు నిలిస్తే, 30 డిగ్రీల వద్ద సుమారు ఏడున్నర, 35 డిగ్రీల వద్ద సుమారు 7 మాత్రమే నిలుస్తుంది. అదే సమయంలో వేడికి చేప శరీరం పని వేగం పెరిగి దానికి కావలసిన ప్రాణవాయువు పెరుగుతుంది. లాగుడులో అలసిన చేప కోలుకోవడానికి కావలసిన గాలి సరిగ్గా అప్పుడే నీటిలో ఉండదు. కొర్రమీను, మార్పు అనే మీసాల చేప వంటివి పైగాలి పీల్చగలవు కనుక ఆ ఇబ్బంది వాటికి తక్కువ. రోహు, బొచ్చె, బంగారుతీగలకు మొప్పలు తప్ప దారి లేదు.

ఈ సందర్భంలో చాలామంది నమ్మే ఒక మాటతో నేను విభేదించాలి. ఎండాకాలంలో తెల్లవారుజామున వెళ్తే ఏ నీటిలోనైనా చేపకు హాని లేదని అంటారు. నదికి, గాలి తగిలే పెద్ద జలాశయానికి అది నిజమే. పచ్చగా నాచు పట్టిన చిన్న చెరువులో మాత్రం తెల్లవారుజామే అత్యంత గడ్డుకాలం. పగలు నాచు ఎండలో ప్రాణవాయువును విడుదల చేస్తుంది, రాత్రంతా అదే నాచు దాన్ని పీల్చుకుంటుంది. కాబట్టి సూర్యోదయానికి ముందు ఆ చెరువులో ప్రాణవాయువు అట్టడుగున ఉంటుంది. మబ్బు పట్టిన రోజు మరునాడు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే అవి మేత కోసం రాలేదు, ఊపిరి కోసం వచ్చాయి. వాటి ముందు ఫ్లై విసరడం మహా క్రూరమైన పని.

ఇక కొత్తగాలం గారి ప్రశ్న. బొచ్చె పైనీటిలో తిరుగుతూ కంటికి ఆనని సూక్ష్మజీవులను వడగట్టి తింటుంది. అందుకే దాని నోరు పైకి తెరుచుకుని ఉంటుంది, అందుకే అది ఫ్లైకి అరుదుగా చిక్కుతుంది. దానికోసం శ్రమపడవద్దు. రోహు నడినీటిలో ఉంటూ రాళ్లకు, మునిగిన కొమ్మలకు పట్టిన నాచును, దానితో పాటు చిన్న పురుగులను గీకి తింటుంది. ముదురు ఆకుపచ్చ ఉన్నిని చిన్న గాలానికి వదులుగా చుట్టి, ఆ కొమ్మల పక్కన మెల్లగా మునగనిస్తే అది తీసుకుంటుంది. మేడిచెట్టు, నేరేడుచెట్టు నీటి మీదికి వంగి ఉన్నచోట పండ్లు రాలే రోజుల్లో అదే రంగు, అదే పరిమాణం ఉన్న ఫ్లై చప్పుడు చేస్తూ పడితే ఇంకా మంచిది. మ్రిగాల, బంగారుతీగ అడుగున బురదలో ఉండే ఎర్రని దోమపురుగులను తింటాయి, వాటికి సన్నని ఎర్రదారం చుట్టిన ఫ్లై సరిపోతుంది. జిలేబి చేప అన్నీ తింటుంది, ఫ్లై నేర్చుకునేవారికి దాన్ని మించిన గురువు లేదు. అది మన నేల చేప కాదు, పైగా తన పిల్లలతో చెరువును నింపి మిగతావాటి మేతను లాక్కుంటుంది. దాన్ని వదలకుండా ఇంటికి తీసుకెళ్లండి.

తుంగతీరం (కర్నూలు)

నీటిరంగు గారు చెప్పిన పచ్చని చెరువు సంగతి చాలా ముఖ్యమైనది. ఇకపై ఎవరు వేసవి ఉదయం గురించి రాసినా నదికీ చెరువుకీ ఉన్న ఈ తేడా చెప్పాలని కోరుతున్నాను. పట్టి వదలడం విషయంలో పుట్టితెడ్డు అన్నతో కూడా ఏకీభవిస్తాను. నా వరకు మార్చి నెలాఖరు నుంచి మొదటి వానల వరకు రోహు, మ్రిగాల, బంగారుతీగల జోలికి వెళ్లను. ఆ రోజుల్లో జిలేబికి, వండుకోవడానికి మాత్రమే కొర్రమీనుకు గాలం వేస్తాను.

వదిలే రోజుల్లో ఎలా వదలాలో కూడా చెప్పుకోవాలి. గాలం మొనకు ఉండే ములికిని పటకారుతో నొక్కేయండి, అప్పుడు గాలం సులువుగా వస్తుంది. పొడిచేతులతో చేపను ముడితే దాని మీది జిగురుపొర పోయి బూజు పడుతుంది కనుక చేతులు తడుపుకోండి. నీటిలోనే ఉంచి గాలం తీయండి. బండ మీద, వేడి ఇసుక మీద పడుకోబెట్టవద్దు. బలమైన కడ్డీ వాడి త్వరగా ఒడ్డుకు తేవడం కూడా దయలో భాగమే. సన్నని దారంతో ఎక్కువసేపు ఆడించడం గొప్ప అని కొందరు భావిస్తారు, మన వేడి నీళ్లలో అది చేపను చంపే పద్ధతి.

గాలిమర (అనంతపురం)

నీటిరంగు గారి వివరణ చదివాక గాలి గురించి నేను రాసినదానికి ఒక కొనసాగింపు అవసరమైంది. గాలి ఇబ్బంది పెడుతుంది కాబట్టి అందరూ గాలికి మరుగున ఉన్న గట్టు వైపు నిలబడతారు, అక్కడ విసరడం సులువు. కానీ గాలి వెళ్లి కొట్టే ఎదురుగట్టునే అలలు గాలిని నీటిలో కలుపుతాయి, తేలే మేతంతా అటే చేరుతుంది, అలల వల్ల నీరు కొద్దిగా కలకబారి చేపకు మనిషి కనిపించడు. మిడ్ పెన్నార్ వంటి విశాలమైన నీటిలో నేను మధ్యాహ్నం తరువాత ఎప్పుడూ గాలి కొట్టే గట్టుకే వెళ్తాను. దూరం విసరనక్కరలేదు, కడ్డీ పొడవుకు రెండింతల దూరంలోనే, నీరు కలకబారిన గీత వెంట చేపలు తిరుగుతుంటాయి.

కొత్తగాలం (కడప)

ఇంత ఓపికగా వివరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒక ప్రశ్న. ఒకే ఒక కడ్డీ కొనాలంటే ఏది కొనాలి? మొదట ఎక్కడ మొదలుపెట్టాలి?

పెన్నాతీరవాసి (ప్రొద్దుటూరు)

ఒక్కటే అయితే తొమ్మిదడుగుల 6వ నంబరు కడ్డీ, దానికి సరిపడే తేలే లైను తీసుకోండి. జిలేబి, పరిగె, రోహు, బంగారుతీగలకు అది చాలు, గడ్డిలో కొర్రమీనుకు మాత్రం చాలదు. రీలుకు పెద్ద ఖర్చు పెట్టవద్దు, ఆ డబ్బు లైను మీద పెట్టండి. ఫ్లైలు మొదట నాలుగు రకాలు ఉంటే చాలు: ఉసిలి, ఆకుపచ్చ ఉన్ని, ఎర్రదారం, బరువు కన్నులున్న చిరుచేప. కట్టడం త్వరలోనే మీరే నేర్చుకుంటారు, కోడి మెడ ఈకలు మన ఊళ్లలో ఎక్కడైనా దొరుకుతాయి.

నీటి దగ్గరికి వెళ్లే ముందు కొన్ని వారాలు ఖాళీ మైదానంలో గాలం లేకుండా, లైను చివర ఉన్నిముక్క కట్టి విసరడం సాధన చేయండి. వెనక్కి విసిరిన లైను పూర్తిగా చాచుకునే వరకు ఆగడం, ఆ తరువాతే ముందుకు తేవడం అన్నదే ఇందులో కీలకం. బలం అవసరం లేదు. కరెంటు తీగల కింద ఎప్పుడూ సాధన చేయకండి. ఈ కడ్డీలు కార్బన్‌తో చేసినవి, కరెంటును లాగుతాయి. కాలువ గట్ల వెంట తీగలు తక్కువ ఎత్తులో వెళ్తుంటాయి, ముందు తల ఎత్తి చూడండి.

తుంగతీరం (కర్నూలు)

జాగ్రత్తల్లో మరి రెండు చేర్చండి. తుంగభద్రలోనూ, శ్రీశైలం వెనుక జలాల్లోనూ మొసళ్లు ఉన్నాయి. మొలలోతు నీటిలోకి దిగి విసరడం ఇతర దేశాల ఫొటోల్లో బాగుంటుంది, ఇక్కడ ఒడ్డు మీదనో బండ మీదనో నిలబడండి. బ్యారేజీల దిగువన సైరన్ వినిపిస్తే సామాను వదిలేసైనా గట్టు ఎక్కండి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు దిగువ ఊళ్లన్నిటినీ అప్రమత్తం చేయవలసి వచ్చింది. ఎగువన ఏం జరుగుతోందో నది మధ్య బండ మీద నిలబడినవాడికి తెలియదు.

పుట్టితెడ్డు (గాజులదిన్నె దగ్గర)

కొత్తగాలం నాయనా, నీ ఊరి చెరువు ఏ సంఘం కింద ఉందో పంచాయతీలో అడుగు, చెప్తారు. సంఘం వాళ్లను ఒకసారి కలిసి, జిలేబి కోసం వస్తున్నానని చెప్పు, సంతోషంగా ఒప్పుకుంటారు, మాకు కూడా ఆ చేప తగ్గడమే కావాలి. పొద్దున వలలు ఎత్తాక, ఎనిమిది తరువాత రా. తూముకు ఎడమ పక్క, కట్ట రాళ్ల వెంట అవి ఎప్పుడూ ఉంటాయి.

కొత్తగాలం (కడప)

అలాగే అన్నా. లీజు వివరాలు కనుక్కుని, మైదానంలో సాధన మొదలుపెట్టి, సంక్రాంతి తరువాత చెరువుకు వెళ్తాను. ఏ ఫ్లైకి ఏం పడిందో ఈ చర్చలోనే రాస్తాను.